తెర మీద కదలని బాణం

దోహాలో ఒక ఆహార పదార్థాల కంపెనీలో 'శిక్షణ విభాగం' అని బోర్డు తగిలించిన గదిలో చాలా ఏళ్ళు పనిచేశాను. విభాగమంటే నేనొక్కదాన్నే. పోయినేడు రిటైరయ్యాను. మా ఆయన ఉద్యోగం ఇంకా ఉంది కనుక ఇప్పటికీ దోహాలోనే, ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఉంటున్నాం. ఈమధ్య ఇదే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు ఇంటికొచ్చి, లైనక్స్ డెస్క్‌టాప్‌ని వీడియోగా తీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ వాడేదాన్నని అడిగారు. చెప్పాను. ఫోన్లో రాసుకుని, టీ తాగి వెళ్ళిపోయారు. సాఫ్ట్‌వేర్ పేరు ఎవరైనా చెబుతారు. ఆ పని అసలు ఎలా ఉంటుందో చెప్పకుండా పంపించేశానే అనిపించి ఇది రాస్తున్నాను.

పని ఏమిటంటే

మా కంపెనీ చేపలు, మాంసం, కూరగాయలు తెప్పించి, చల్లగదుల్లో నిల్వ ఉంచి, దుకాణాలకు పంపేది. వైరస్‌ల బెడద పడలేక గోదాముల్లోని కంప్యూటర్లన్నిటికీ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం పెట్టారు. వాటి ముందు కూర్చునేవాళ్ళలో చాలామంది అంతకుముందు సరుకు మోసినవాళ్ళు, వ్యాన్లు నడిపినవాళ్ళు. వాళ్ళకి ఆ తెర అలవాటు చేయడం నా ఉద్యోగం. పక్కన కూర్చుని నేర్పితే ఆ రోజుకి బాగానే ఉండేది. నాలుగు రోజులకి మరిచిపోయేవారు, లేదా డ్యూటీ మారి వాళ్ళ చోట వేరేవాళ్ళు వచ్చేవారు. అందుకని, చేయవలసిన పనిని నేనే కంప్యూటర్ మీద చేస్తూ, మాట చెబుతూ, దాన్ని వీడియోగా తీసి ప్రతి కంప్యూటర్లోనూ ఒక ఫోల్డర్‌లో పెట్టడం మొదలుపెట్టాను.

మొదటి వీడియోకి ఉదయమంతా పట్టింది. గొంతు ఎండిపోయేదాకా మాట్లాడి, ముగించి, తెరిచి చూస్తే నా గొంతు శుభ్రంగా వినిపిస్తోంది, బొమ్మ మాత్రం నల్లగా ఉంది. మొదటి నుంచి చివరిదాకా నలుపే. కొత్త లైనక్స్‌లలో ఏ ప్రోగ్రామూ అడక్కుండా తెరని చూడకూడదన్న కట్టడి ఉంటుంది. రికార్డు మొదలుపెట్టగానే చిన్న పెట్టె వచ్చి, ఏ తెర చూపించమంటారని అడుగుతుంది. అదేదో అడ్డమొచ్చిందనుకుని నేను మూసేశాను. అప్పటినుంచి ముందు రెండు మాటలు రికార్డు చేసి, చూసి, విని, ఆ తర్వాతే అసలు పని మొదలుపెట్టేదాన్ని. మీరూ అదే చేయండి. రికార్డింగు కోసం కంప్యూటర్లో వేరే యూజర్ ఖాతా పెట్టుకోండి. అందులో అక్షరాలు పెద్దవి చేసుకోండి, మెసేజీలు రాకుండా ఆపేయండి. చేపల స్టాకు లెక్క చూపిస్తుంటే మూలనుంచి మా ఆడపడుచు పంపిన పెళ్ళి సంబంధం ఫోటో పైకి తేలింది ఒకసారి. గోదాము వాళ్ళు ఆ వీడియో చాలా శ్రద్ధగా చూశారు.

జాకెట్ల గది

దోహాలో ఏసీ ఆపి రికార్డు చేయడమనేది వేసవిలో కుదిరే పని కాదు. ఏసీ వేస్తే మైకులో హోరు. కంపెనీ అంతా వెతికితే నాకు పనికొచ్చిన చోటు ఒక్కటే దొరికింది. చల్లగదుల్లోకి వెళ్ళేవాళ్ళు వేసుకునే దూది జాకెట్లు తగిలించే గది. నాలుగు గోడలకీ జాకెట్లే. గొంతు ఎక్కడా మారుమోగేది కాదు. కాస్త చేపల వాసన, అంతే.

అప్పట్లో నా పై అధికారి ఇద్రీస్ గారు. సూడాన్ ఆయన. అరబిక్, హిందీ కలిపి మాట్లాడేవారు. కంప్యూటర్ అంటే ఆయనకి పెద్ద ఇష్టం లేదు. అయినా ప్రతి వీడియో ఆయన చూశాకే పంపాలి. కూర్చునేవారు కాదు. "యల్లా, త్వరగా పెట్టు" అని నిలబడి చూసేవారు. ఒకసారి నేను బాగా వచ్చిందనుకున్న వీడియో చూసి తల అడ్డంగా ఊపారు.

"నువ్వు ఏం నొక్కావో చెబుతున్నావు. ఏం చూసి నొక్కావో చెప్పడంలేదు."

"చూడటం ఏముంది సార్? బటన్ అక్కడే ఉంటుంది కదా."

"నీకు ఉంటుంది. అతనికి తెరంతా బటన్లే."

నాకు కోపమొచ్చింది. ఆ సాయంత్రమే మళ్ళీ జాకెట్ల గదికి వెళ్ళి మొత్తం కొత్తగా తీశాను. నా ఉద్యోగంలో నాకు పని నేర్పిన మాట అదొక్కటే. మిగతావి సెట్టింగులు.

హిందీలో, తెలుగులో కూడా తీసేదాన్ని. తెలుగు వీడియోల మీద మొదటి ఫిర్యాదు గంగారాం నుంచి వచ్చింది. జగిత్యాల వైపు మనిషి. సరుకు దించే పని నుంచి ఉత్తరాన అల్ రువైస్ రేవులో ఉన్న మా చల్లగదుల దగ్గర కంప్యూటర్ డెస్కుకి మారాడు. "దుబాయ్‌ల నా కొడుకు కంప్యూటర్ ముంగట కూసుంటడు" అని వాళ్ళమ్మ ఊరంతా చెప్పుకుంటుందని నవ్వుతూ చెప్పేవాడు. ఇది ఖతర్ అని చెప్పి చెప్పి వదిలేశాడట.

"మేడమ్, మీరు ఎంచుకోండి, ఎంచుకోండి అంటున్నరు. రేడియోల వార్తలిన్నట్టున్నది. సెలెక్ట్ చెయ్యుండ్రి అంటే అయిపాయె గద!"

మార్చాను. పుస్తకం భాష పుస్తకంలో బాగుంటుంది. ఎనిమిది దేశాల వాళ్ళు కలిసి పనిచేసే చోట అందరికీ తెలిసిన మాటే మంచి మాట.

కోసిన వీడియో

ఇద్రీస్ గారు స్వదేశం వెళ్ళిపోయాక ఆయన స్థానంలో అనిల్ వచ్చారు. హైదరాబాద్ అబ్బాయి, నాకంటే బాగా చిన్నవాడు, చురుకైనవాడు. నేను 'అనిల్ గారూ' అనేదాన్ని, ఆయన నన్ను 'మేడమ్' అనేవారు. మనిషి మంచివారే. కాకపోతే పొడుగు వీడియో చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది.

అదే రోజుల్లో చల్లగదులకి కొత్త అలారం ప్రోగ్రాం పెట్టారు. ఏ గదిలో తేడా వచ్చినా డెస్కు మీది కంప్యూటర్లో గంట మోగుతుంది, తెర పైభాగంలో ఎర్రటి పట్టీ వస్తుంది. పట్టీ మీద ఇంగ్లీషులో ఒక మాట ఉంటుంది. 'టెంపరేచర్' అని ఉంటే గది వేడెక్కుతోందని అర్థం. గంట ఆపి మెకానిక్‌కి ఫోన్ చేయాలి. 'ఎన్‌ట్రాప్‌మెంట్' అని ఉంటే లోపల మనిషి చిక్కుకుపోయి తలుపు పక్కనున్న మీట నొక్కుతున్నాడని అర్థం. రెంటికీ అదే ఎరుపు, అదే గంట, పక్కన అదే 'సైలెన్స్' బటన్. ఆ తెర తయారుచేసినవాళ్ళు ఎన్నడూ చల్లగదిలో నిలబడి ఉండరు.

నేను వీడియోలో సగభాగం ఆ రెండు మాటల తేడా మీదే పెట్టాను. ఒక్కో మాటనీ పెద్దది చేసి చూపించి, రెండోది కనిపిస్తే మౌస్ వదిలేసి తలుపు దగ్గరికి పరుగెత్తమని చెప్పాను. అనిల్ చూసి, "మేడమ్, ఇంతసేపు ఎవరు చూస్తారు? జనం ఫోన్లో రీల్స్ చూసే కాలం ఇది. గంట మోగితే ఏం చేయాలో అదొక్కటీ ఉంచుదాం" అన్నారు.

"ఏ గంటో తెలియకుండా ఏం చేయాలో ఎలా చెబుతామండీ?"

"మనిషి చిక్కుకుపోవడం ఎప్పుడో గాని జరగదు. దానికి విడిగా ఇంకోటి తీద్దాం. ముందు ఇది వెళ్ళనివ్వండి."

వద్దని గట్టిగానే చెప్పాను. ఆయనే కూర్చుని కోసి, చిన్నది చేసి అన్ని కంప్యూటర్లకీ పంపించేశారు. గొంతు నాదే. 'గంట మోగితే కంగారు పడకండి. ఈ బటన్ నొక్కండి.'

ఆ విడి వీడియోకి నిజమైన తెర కావాలనుకున్నాను. నా గదిలో ఉత్తుత్తి అంకెలతో తీస్తే ఎవరికీ నమ్మకం కుదరదు. అందుకే గంగారాంకి ఫోన్ చేసి, డ్యూటీలో ఉండగా తన తెరనే రికార్డు చేయగలవా అని అడిగాను. రికార్డు ఎలా మొదలుపెట్టాలో ఫోన్లోనే చెప్పాను. "గంతేనా, చేస్త" అన్నాడు.

అల్ రువైస్‌లో

వేసవిలో మధ్యాహ్నం ఎండ వేళ ఆరుబయట పనులు ఆపేస్తారు. ఆ వేళ రేవు దగ్గర నరమానవుడు కనిపించడు. సత్తిబాబు అనే మనిషి ఒక పెట్టె తేవడానికి చేపల చల్లగదిలోకి వెళ్ళాడు. కాకినాడ దగ్గర సముద్రం మీద వేటకి వెళ్ళిన చేతులు అతనివి. ఒక్క నిమిషం పనే కదా అని చేతి తొడుగులు వేసుకోలేదు. వెనక తలుపు పడింది. లోపలి గొళ్ళెం మంచు పట్టి బిగుసుకుపోయింది. మీట నొక్కాడు.

తర్వాత ఆస్పత్రిలో నాతో చెప్పాడు. "నొక్కుతూనే ఉన్నానండి. నొక్కడం, తలుపు మీద కొట్టడం. గంట మోగుతుందో లేదో లోపలికి తెలీదు కదండీ. ఎవరూ రారేంటి, అందరూ భోజనానికి వెళ్ళిపోయారా అనుకున్నానండి. వేళ్ళు నావి కానట్టయిపోయాయి."

అతన్ని బయటికి తీసింది గంగారామే. కానీ అంతకుముందు రెండుసార్లు గంట ఆపాడు. అది అలారం ప్రోగ్రాంలో నమోదయింది. మూడోసారి మోగాక వెళ్ళి తలుపు తీశాడు. సత్తిబాబు ప్రాణానికి ప్రమాదం లేదని, ఎడమచేతి వేళ్ళ సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేమని డాక్టర్లు అన్నారు.

ఆ సాయంత్రం అనిల్ ఫోన్ చేశారు. గొంతు బాగా తగ్గించి మాట్లాడారు. "మేడమ్, గంగారాంను ఇంటికి పంపించేయాలంటున్నారు. మనిషి లోపల ఉంటే గంట నోరు నొక్కాడు, అది నిర్లక్ష్యం అంటున్నారు. ఆదివారం విచారణ కమిటీ ఉంది."

ఫోన్ పెట్టగానే గంగారాం నుంచి వచ్చింది.

"మేడమ్, ఒకటి చెప్పాలె. మీరు చెప్పిన రికార్డు పొద్దుగాల్నే సురువు జేసిన. బందు జేసుడు మరిచిపోయిన. గడ్‌బడ్‌ల ఎవరో కంప్యూటర్ తీగ గుంజేసిన్రు. రికార్డు అట్లనే నడుస్తుండె అప్పుడు."

"అంటే గంట మోగినప్పటిది కూడా అందులో ఉందా?" అన్నాను.

"మొత్తం పడుంటది మేడమ్. నేను గంట బందు జేసింది సుత. తీసెయ్యాల్నా?"

"తీయకు. దాన్ని ముట్టుకోకు. నేను వస్తున్నాను."

అలా చెప్పానే గాని, అందులో ఏముందో నాకూ తెలియదు. అది అతని మీదే సాక్ష్యం కావచ్చు. దోహా నుంచి ఉత్తరంగా అల్ రువైస్‌కి వెళ్ళే దారంతా మర్నాడు నేను అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇంకో భయం కూడా ఉంది. రికార్డు మధ్యలో కరెంటు పోతే కొన్ని రకాల వీడియో ఫైళ్ళు తెరుచుకోవు. ఎమ్‌పీ4 అయితే మొత్తం పోయినట్టే. నేను అన్ని కంప్యూటర్లలోనూ ఎమ్‌కేవీ పెట్టించాను. అందులో ఆగినంతవరకూ భద్రంగా ఉంటుంది. మీకు కూడా అదే చెబుతున్నాను. చివర్లో కావలసిన రకంలోకి మార్చుకోవడం ఎంతసేపు?

ఫైలు తెరుచుకుంది.

బాణం ఎక్కడెక్కడ తిరిగింది

గంగారాం నా పక్కన కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను వీడియోని ముందుకి జరిపి గంట మోగిన చోట ఆపి, అక్కడినుంచి చూశాం.

డెస్క్‌టాప్ వీడియోలో మనిషి కనిపించడు. కనిపించేది మౌస్ బాణం ఒక్కటే. గంట మోగగానే అది ఉలిక్కిపడ్డట్టు కదిలి, సైలెన్స్ బటన్ వైపు వెళ్ళకుండా నేరుగా ఎర్ర పట్టీ మీదికి వెళ్ళింది. ఆ మాట మొదటి అక్షరం కింద నిలబడింది. తర్వాత ఒక్కొక్క అక్షరం కిందికీ మెల్లగా జరిగింది. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చింది. మళ్ళీ జరిగింది. కూడబలుక్కుంటున్నాడు.

"టెంపరేచర్ అయితే నాకు ఎరుకే మేడమ్. గీ మాట ఎన్నడు సూడలే" అన్నాడు వెనకనుంచి.

బాణం కిందికి దిగి, వీడియోల ఫోల్డర్ తెరిచి, అలారం వీడియోని వెతికి పట్టుకుంది. వీడియోలో వీడియో మొదలైంది. జాకెట్ల గదిలో పలికిన నా గొంతు నాకే వినిపించింది. 'గంట మోగితే కంగారు పడకండి. ఈ బటన్ నొక్కండి.' పూర్తయ్యేదాకా చూశాడు. నొక్కాడు. గంట ఆగింది.

కాసేపట్లో మళ్ళీ మోగింది. మళ్ళీ ఆ మాట కింద తచ్చాడి, మళ్ళీ మా వీడియో తెరిచి, మళ్ళీ నొక్కాడు. నేను చెప్పింది చెప్పినట్టు అంత శ్రద్ధగా చేసిన విద్యార్థి నా జీవితంలో ఇంకొకడు లేడు.

మూడోసారి గంట మోగినప్పుడు బాణం సైలెన్స్ బటన్ దాకా వెళ్ళి, దాని మీద ఆగింది. నొక్కలేదు. అక్కడినుంచి ఇక కదల్లేదు. గంట మోగుతూనే ఉంది. తెర మీద ఏమీ జరగడంలేదు.

"ఇక్కడ ఏమైంది?" అన్నాను.

"లేసి ఉరికిన మేడమ్. మాట సమజ్ కాలే. గని మూడుసార్లు ఊకె ఎవడు మోగిస్తడు? మనిషే ఉంటడు అనుకున్న."

నేను వీడియో ఆపేశాను. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నా కళ్ళలోనూ అంతే. "ఇది అనిల్ గారికి చూపించనా? నువ్వు వద్దంటే చూపించను" అన్నాను. ఇంకొకరి తెర మీద జరిగింది, వాళ్ళు సరేననకుండా బయటికి చూపించకూడదు. ఈ పనిలో ఉన్నవాళ్ళు దీన్ని మాత్రం మరవకండి.

"చూపెట్టుండ్రి. ఉన్నది ఉన్నట్టే గద" అన్నాడు.

ముఐథర్‌లో శుక్రవారం

అనిల్ ఇల్లు దోహా పక్కనే, ముఐథర్‌లో. శుక్రవారం సెలవు కదా, ముందు ఫోన్ చేసి మా ఆయనతో కలిసి వెళ్ళాను. వాళ్ళావిడ టీ, మురుకులు పెట్టింది. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను. ఏమీ చెప్పకుండా చూపించాను.

బాణం అక్షరాల కింద జరుగుతుంటే అనిల్ ముందుకి వంగారు. నా గొంతు మొదలుకాగానే కుర్చీలో బిగుసుకుపోయారు. అంతా అయ్యేదాకా టీ ముట్టుకోలేదు.

"ఈ వీడియో కోసింది నేను" అన్నారు చివరికి.

"గొంతు నాది" అన్నాను.

"కాదు మేడమ్. మీరు వద్దన్నారు. కమిటీలో ఇది నేనే పెడతాను. మీరు మాట్లాడొద్దు. మీరు మాట్లాడితే నా మీద చెప్పినట్టవుతుంది. నేను మాట్లాడితే నిజం చెప్పినట్టవుతుంది" అన్నారు.

పై అధికారుల గురించి నాకు చాలా అభిప్రాయాలున్నాయి, చాలావరకు మంచివి కావు. కానీ ఆదివారం ఆ గదిలో ఆ చిన్నవాడు లేచి నిలబడి, "ఇతను మేం నేర్పిందే చేశాడు. తర్వాత మేం నేర్పనిది చేసి మనిషిని కాపాడాడు" అని చెప్పడం నా కళ్ళతో చూశాను. ఆ ఏడాది ఆయనకి రావలసిన పెద్ద పోస్టు వేరేవాళ్ళకి వెళ్ళింది. ఆ మాట ఎప్పుడూ నా దగ్గర ఎత్తలేదు.

గంగారాం ఉద్యోగం నిలిచింది. సత్తిబాబు వేళ్ళు దక్కాయి గాని, రెండిటికి చాలాకాలం స్పర్శ రాలేదు. చల్లగదుల్లోకి ఇక పోనన్నాడు. రేవు మీద పనికి మార్చారు. అలారం తెర కూడా మారింది. మనిషి చిక్కుకున్నప్పుడు తెర మొత్తం ఎర్రబడి, తెలుగుతో సహా నాలుగు భాషల్లో 'లోపల మనిషి' అని వస్తుంది. సైలెన్స్ బటన్ ఉండదు. తలుపు బయట కొత్తగా పెట్టిన మీట నొక్కితేనే గంట ఆగుతుంది.

మళ్ళీ తీసిన వీడియో

కొత్త వీడియో అల్ రువైస్ డెస్కు మీదే తీశాం. ఈసారి గొంతు గంగారాంది. చదవడానికి ఏమీ రాసివ్వలేదు. తెర ఎర్రబడగానే, "గిట్ల అయ్యిందంటే లోపట మనిషున్నడు. ఇగ మౌస్ ఇడ్సిపెట్టుండ్రి" అన్నాడు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. పరుగెత్తిన చెప్పుల చప్పుడు దూరమైంది. ఆ తర్వాత మాట లేదు. ఎర్రటి తెర, మోగుతున్న గంట, కదలని బాణం. నేను ఒక్క క్షణం కూడా కోయలేదు. అనిల్ కూడా కోయమనలేదు.

కొత్త బ్యాచ్‌కి దాన్ని మొదటిసారి చూపించిన రోజు గంగారాం కూడా వచ్చాడు. గదిలో నేపాలీలు, మనవాళ్ళు, కేరళవాళ్ళు కలిసి కూర్చున్నారు. బాణం కదలకుండా ఉండిపోయేసరికి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వరసలో కూర్చున్న నేపాలీ మనిషి చెయ్యెత్తి, వీడియో హ్యాంగ్ అయిందా అని హిందీలో అడిగాడు.

నేను జవాబు చెప్పేలోగా గంగారాం తన వచ్చీరాని హిందీలో, "హ్యాంగ్ కాలేదు. తలుపు తీయడానికి పోయిన" అన్నాడు.

గంట మోగుతూనే ఉంది. అందరూ ఏమీ జరగని ఆ తెరవైపే చూస్తూ కూర్చున్నారు. కొంతసేపటికి గంట ఆగింది.